నడివేడి

మధ్యాహ్నం వంటలు ముగిసి వీధిలోని వేడికుళాయిలు మూతపడ్డాక కూడా రెండిళ్ళ నుంచి నూనె వాసన వస్తూనే ఉంది. ఇల్లెందులోని ఆ వీధి చివర, ఇనుప గదిలో, ఉష్ణచక్రం తిరుగుతోంది. దాని వేడి గొట్టాల్లో ఇంటింటికీ చేరడం మొదలయ్యాక గ్యాసు సిలిండరంటే ఏమిటో పిల్లలకు తెలియకుండా పోయింది.

ఉష్ణశాఖ ఇంజినీరు గుగులోత్ రవళి ఆ రెండిళ్ళ కనెక్షన్లు తీసేయడానికి వచ్చింది. వీధి వంటలు ముగిశాక కూడా వాళ్ళు వేడి లాగేస్తున్నారని, ఇలాగైతే చక్రం అరిగిపోతుందని, అది పోతే వీధికి మరొకటి ఇవ్వరని పైవాళ్ళు చెప్పి పంపారు.

ఆ ఇళ్ళవాళ్ళు తోడికోడళ్ళు. పెద్దావిడ మౌనికవ్వ, చిన్నావిడ హారికవ్వ. ఎవరి సకినాలు బాగుంటాయన్న గొడవలో ఏళ్ళుగా మాటల్లేవు. ఒకరింట్లోంచి వాసన గోడ దాటగానే రెండోవారు మూకుడు ఎక్కించేవారు. వండినదంతా వీధికి పెట్టి తీర్పు అడిగేవారు. వీధివాళ్ళు ఇద్దరికీ తలూపి హాయిగా తినేవారు.

"ముందు ఆమెది తియ్యి బిడ్డా," అంది మౌనికవ్వ. "నాది తీస్తే ఈ వీధి నోరు చప్పబడ్తది."

హారికవ్వ గోడకేసి చూస్తూ బదులిచ్చింది. "తీసినంక తెలుస్తది, పిల్లలు ఎవరింటి ముంగట నిలవడ్తరో."

తీసే ముందు చక్రం తిరిగే బేరింగు చూడాలన్నది నియమం. రవళి చూపుగొట్టాన్ని చక్రంలోకి దించింది. అరిగిన గుంతలు కనిపిస్తాయనుకుంది. కొన్ని సన్నటి గీతలు తప్ప లోహం అద్దంలా ఉంది. నమ్మలేక గొట్టం తుడిచి మళ్ళీ చూసింది. వంటలయ్యాక వేడి పొదుపు చేసిన వీధుల్లోనేమో అరిగి పొడి రాలిన చక్రాలను ఆమే స్వయంగా తీయించింది.

"ఇది మాలిబ్డినం కలిపిన లోహం, అవ్వా. మీరు వేడి వాడుతుంటే చక్రం వడిగ తిరిగి ఎర్రగ కాగుతది. అట్ల కాగితే సన్నటి పొర అదే కట్టుకుంటది. ఆ పొరే దానికి నూనె. సగమే కాగిన నడివేడిల పొర నిలవదు, లోహం లోహాన్ని గీకుతది."

పై అధికారికి చూపుగొట్టం తీసిన ఫొటోలు పంపి, కనెక్షన్లు తీయనని ఫోనులో చెప్పింది.  చక్రానికి నువ్వే పూచీ అన్నాడాయన.

అప్పుడు అసలు చిక్కు చెప్పింది రవళి. బేరింగు మీద సన్నటి గీతలు కొన్ని ఉన్నాయి. ఒక్క ఇంటి వాడకంతో చక్రం నడివేడిలోనే ఉంటుంది. మొదటి మూకుడుకూ రెండో మూకుడుకూ మధ్య పడిన గీతలవి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టకపోతే చక్రం ఎన్నాళ్ళో మన్నదు.

ఇద్దరూ విన్నారు. ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళి తలుపేసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వీధంతా ఇనుప గది దగ్గర చేరింది. కుళాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. కిటికీ అద్దంలో చక్రం ఎరుపు తగ్గుతోంది. రవళి ఆ అద్దం ముందునుంచి కదల్లేదు.

పక్కనే ఉన్న ఆ రెండిళ్ళ మధ్య గోడ దగ్గర హారికవ్వ దగ్గింది.

"అక్కా, మూకుడు పెట్టినవా?"

మౌనికవ్వ గొంతు గోడ దాటి వచ్చింది.

"పెట్టి నీ కోసమే చూస్తున్న. నీదెప్పుడూ ఆలస్యమే."

రెండు కుళాయిలూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అద్దంలో ఎరుపు మళ్ళీ పుంజుకుంది. ఆ రోజు హారికవ్వ తొలి సకినం వీధికి రాలేదు, గోడ మీదుగా చేయి మారింది. మౌనికవ్వ కొరికి, నింపాదిగా నమిలి, ఉప్పు తక్కువైందని తేల్చింది. తర్వాత ఇంకోటి ఇమ్మని చేయి చాపింది.