అంచుతేనె

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. వత్తులు ఇప్పటికీ ఉండవలసిన చోట ఉండవు. ఈ నాలుగు కాగితాలకి నెల పైన పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇందులో సంగతి ఇంకా జరగలేదు. మన మనవల మనవల నాటికి ఇలా ఉండొచ్చని ఊహించి రాశాను.

*

కూజామొక్కల తనిఖీకి దోమల కార్యాలయం నుంచి హేమలత వచ్చేసరికి మాణిక్యం అరుగు మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. గుమ్మం పక్కన చూరుకి వేలాడుతోంది కూజామొక్క. ఒక్కో ఆకు చివర ఒక్కో కూజా, కూజాకొక మూత. హేమలత మూతలన్నీ ఎత్తి చూసింది.

"తొమ్మిదీ కడుపునిండా తిన్నాయి. మరి మీ చేతులేంటి పిన్నిగారూ, అలా ఉన్నాయి?"

మాణిక్యం పైట చేతుల మీదికి లాక్కుంది. "ఎండకి పేలిందమ్మా."

"పేలితే చుట్టూ దద్దురు ఉండదు. ఇవి దోమకాట్లు."

చేపల చెరువుల మధ్య ఉన్న ఆ కాలనీలో దోమ కుట్టిన మనిషిని చూసి పదిహేనేళ్లయింది. అంతకుముందు ఏటా వానాకాలం జ్వరాలకి ఇంటికొకరు మంచాన పడేవారు. కూజామొక్కలు వచ్చాక ఆ బాధ పోయింది. సారం లేని తడినేలల్లో పుట్టి, పురుగుల్ని తిని బలం తెచ్చుకోవడం నేర్చిన మొక్కలవి. కూజా అంచున తేనె ఊరుతుంది. దానికి ఆశపడి వాలిన పురుగు కాలు జారి లోపలి నీళ్లలో పడుతుంది, అందులోనే అరిగిపోతుంది.

అయితే దోమకి తేనె కన్నా మనిషి వాసన ఇష్టం. అందుకని ఇంట్లో దోమలు ఎవరిని ఎక్కువ కుడతాయో ఆ మనిషి వాసన మొక్కకి దిద్దిస్తారు. ఒకరోజంతా ఒంటిని అంటిపెట్టుకున్న చెమటగుడ్డని నెలకోసారి కూజాలకి చుడితే చాలు. అంచుతేనె అచ్చం ఆ మనిషిలా వాసన వేస్తుంది. గుడ్డ చుట్టడం ఆగినా నాలుగైదు నెలలు ఆ వాసన నిలుస్తుంది. దోమ మనిషిని వదిలి కూజా మీద వాలుతుంది.

ఆ ఇంటి మొక్కకి దిద్దించింది మాణిక్యం భర్త ఏడుకొండలు వాసన. ఆయన చెరువుల కాపలాదారు. మొక్కలు రాకముందు ఒకే మంచం మీద పడుకున్నా దోమలన్నీ ఆయన మీదే వాలేవి. "నీకేమే, నీ రక్తం చేదు. దోమక్కూడా తెలిసిపోయింది" అనేవాడు గోక్కుంటూ.

నాలుగు నెలల కిందట చెరువు గట్టు మీదే గుండె ఆగి పోయాడు.

ఇంట్లో మనిషి పోతే మూడు నెలల్లో మొక్కకి బతికున్నవాళ్ల వాసన దిద్దించాలి. మాణిక్యం ఒకసారి ఊళ్లో లేనంది, ఒకసారి తలనొప్పంది.

"మొక్కకి మతి తప్పినట్టుంది" అంది హేమలత. "రేపు పీకించి కొత్తది పెట్టిస్తాను. మీకు జ్వరమొస్తే మాట నాకొస్తుంది."

"దాని తప్పేం లేదమ్మా. పీకొద్దు."

"అయితే పరీక్ష చేయనివ్వండి."

హేమలత సంచిలోంచి దోమపెట్టె తీసింది. అందులో కార్యాలయంలో పెంచిన రోగం లేని దోమలు పది. మాణిక్యం చెయ్యి పెట్టెలో పెట్టింది. పదిహేనేళ్ల కిందట ఇదే పరీక్షలో ఆమె చేతి మీద ఒక్క దోమ, అదీ చాలాసేపటికి వాలింది. ఇప్పుడు పదీ ఒక్కసారే వాలాయి. పెట్టె పట్టిన వాసన గీతల్ని హేమలత తన చేతిపలకలో పాత గీతలతో పోల్చి చూసింది.

"ఇది మీ వాసన కాదు పిన్నిగారూ. బాబాయిగారిది."

మాణిక్యం గోంగూర కాడ ఒకటి తీసి తుంచింది. మళ్లీ తుంచింది.

"పదోరోజున ఆయన కట్టిన బట్టలన్నీ రేవుకి పంపేశాం. మాలో అంతే కదమ్మా. మిగిలిన దుప్పటి నేనే సోడాలో ఉడకేశాను, ఈ చేతుల్తోనే. ఆ సాయంత్రం ఈ మొక్క పక్కన నిలబడితే, చెరువు నించొచ్చి చొక్కా విప్పుతున్నట్టు అనిపించింది. అప్పట్నించీ రోజూ స్నానం అవగానే ఆ అంచుతేనె వేలితో తీసి మోచేతులకి రాసుకుంటన్నా."

"కుడుతున్నా?"

"ఆయన్ని కుట్టలేదా, ముప్పయ్యేళ్లు?"

హేమలత నవ్వబోయి ఆగింది. "కూజాలో నీళ్లున్నాయి కాబట్టి సరిపోయింది. మీ ఒంట్లో రక్తం ఉంది. ఇలాగే రాసుకుంటే ఈ వానలకి మిమ్మల్ని ఆసుపత్రికి మోయాలి."

"మరి పీకేస్తావా?"

హేమలత తెల్లగుడ్డ ఒకటి తీసింది. "మోచేతులు తుడవండి. గట్టిగా."

"ఒకరోజంతా కట్టుకునుండాలంటారుగా?"

"నాలుగు నెలలుగా కట్టుకునే ఉన్నారుగా."

మాణిక్యానికి సంగతి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత ఆత్రంగా తుడిచింది, తోలు కందేదాకా. హేమలత ఏడుకొండలు వాసన అంటిన ఆ గుడ్డని చింపి కూజాలకి చుట్టి, చేతిపలకలో రాసుకుంది. దిద్దించిన వాసన: మాణిక్యం.

"ఇక నెలనెలా గుడ్డని అంచుకి అద్ది చుట్టండి. ఒంటికి మాత్రం రాయకండి. నా మీద ఒట్టెయ్యండి."

మాణిక్యం మొక్క వైపు చూసి, హేమలత వైపు చూసింది. "వేశాను. అలా చుడితే ఎన్నాళ్లుంటుందమ్మా?"

"పోయిన మా అక్క వాసన మా మొక్కలో ఆరో ఏడు నడుస్తోంది. కొంచెం పలచబడింది."

"ఈ వీధిలో ఇంకెన్ని మొక్కలున్నాయే ఇలాంటివి?"

"నన్నడక్కండి" అంటూ హేమలత చెప్పులేసుకుంది. "గోంగూర పప్పు చేస్తే మాత్రం కబురు పెట్టండి."

ఆమె వెళ్లాక మాణిక్యం సబ్బు తెచ్చుకుని మోచేతులు రుద్దింది. రెండుసార్లు కడిగింది. వాసన చూసుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా చెరువు వైపు నుంచి దోమ ఒకటి వచ్చింది. ఆమె చేతి చుట్టూ ఒకసారి తిరిగింది. మాణిక్యం చెయ్యి కదపలేదు. దోమ ఆమెని వదిలేసి తిన్నగా కూజా దగ్గరికి వెళ్లి అంచు మీద వాలింది.

"నా రక్తం చేదని చెప్పావుగా" అంది మాణిక్యం మొక్కతో, మిగిలిన గోంగూర వలుస్తూ.

*

కొల్లాటి సత్యవేణి, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆకివీడు.