పడుగు కొసలు

తిరుత్తణిలో ఆ ఉదయం భార్య సెల్లమ్మ ఇడ్లీలు దించుతుండగా లోకనాథం మగ్గం మీది దుప్పటి తీశాడు. కంపెనీ గేటు దగ్గర కాపలా పని మానేసి మళ్ళీ నేతకు కూర్చుంటానని, చేనేత సొసైటీ నూలు ఈరోజే వస్తుందని ఆయనకు ఒకటే సంబరం. దుప్పటి తీసినవాడు అలాగే నిలబడిపోయాడు.

పక్క గదిలో కూతురు సుగంధి ముసలమ్మ బొమ్మకు జుట్టు అతికిస్తోంది. తిరునిన్రవూరులో ఆమె పనిచేసే, బొమ్మల్ని కదిలిస్తూ సినిమా తీసే యానిమేషన్ స్టూడియోలో ప్లాస్టిక్, రబ్బరు ముట్టరు. సినిమా అయ్యాక బొమ్మను పాతిపెడితే మట్టిలో కలిసిపోవాలి. అందుకే వెదురు పుల్లల ఎముకలు, కాగితం గుజ్జు ఒళ్ళు, చింతగింజల జిగురు. జుట్టు మాత్రం ఎంతకీ కుదరక తల పట్టుకున్న పిల్లకు, నిన్న మగ్గానికి వేలాడుతున్న నూలు కొసలు కనబడితే ప్రాణం లేచివచ్చింది.

"మగ్గంలో కొసలు యాడ పాపా?" తండ్రి గుమ్మంలోకి వచ్చాడు.

"నేనే కత్తిరించినా నైనా. దుమ్ము పట్టి ఊరికే ఉండె కదా."

లోకనాథం ముఖం నల్లబడింది. పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలు మగ్గంలో ఉంచేదే కొత్త పడుగును పోగుకు పోగు అతుక్కోవడానికి. అవి లేకపోతే ప్రతి పోగునూ దువ్వెనలాంటి పన్నె సందుల్లోంచి మొదటినుంచీ దూర్చుకోవాలి. ఆయన కళ్ళకు ఆ సందులు ఇక ఆనవు.

"ఇంక నేనెట్ల నేసేది? నేతోళ్ళింట పుట్టి ఇది తెలీదా నీకు?"

సుగంధి బొమ్మ జుట్టు పీకబోయింది. తెగినవి ఎందుకు పనికొస్తాయని ఆయన కసిరాడు. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నాకెవరు చెప్పినారు నైనా? మగ్గం తాకితే చేతి మీద కొడతా ఉంటివి. పోయి చదువుకో అంటివి."

సెల్లమ్మ ఇడ్లీ గిన్నెతో మధ్యలో నిలబడింది. ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవాళ్ళు తనమీదే పడతారని ఆమెకు తెలుసు.

లోకనాథం గోడకు ఆనుకుని కూలబడ్డాడు. తన కష్టం బిడ్డకు రాకూడదని మగ్గానికి దూరం పెట్టింది తనే. తెలియనివ్వనిది తనైతే, తెలియలేదని తిట్టింది ఆమెను. ఆయన కళ్ళు నిండాయి.

సుగంధి స్టూడియోకు ఫోన్ చేసి ఈరోజు రానని చెప్పింది. వచ్చి పన్నె ముందు కూర్చుంది.

"నా కండ్లు బాగుండాయి నైనా. నువ్వు చెప్పు, నేను దూరుస్తా."

నూలు వచ్చాక ఆయన మొదటి పోగు అందించాడు. ఆమె వేళ్ళు తడబడితే ఈసారి చేతి మీద కొట్టలేదు, చెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా పాపా. ఆ ముసలామె జుట్టు పీకొద్దులే. మా అమ్మ మాదిరే ఉండాది."