ఒకే మందు, రెండు పేర్లు

వాన దంచికొడుతోంది. ఎదురు మందుల షాపు అమ్మాయి గొడుగేసుకుని రోడ్డు దాటి వస్తోంది. ఇవతల మందుల షాపులో కుర్రాడు గబగబా జుట్టు సవరించుకున్నాడు. ఆమె ఎదురుగా షాపు తెరిచిన రోజు నుంచీ ఈ ఘడియ కోసమే కాచుకుని ఉన్నాడు పాపం.

ఆమె రెండు మాత్రల స్ట్రిప్పులు కౌంటర్ మీద పెట్టింది.

"ఇవేంటో చదవండి."

"రెండు వేర్వేరు బ్రాండ్లు..."

"బ్రాండు కాదు. కింద చిన్న అక్షరాల్లో మందు పేరు."

చదివాడు. రెండింట్లోనూ ఒకటే బీపీ మందు.

"ఒకటి మీరిచ్చింది, ఇంకోటి నేనిచ్చింది. మీ నానమ్మగారు రెండూ వేసుకుంటున్నారు. ఇప్పుడు కళ్లు తిరిగి మా షాపులో కూర్చున్నారు."

కుర్రాడు షాపు వదిలేసి అలాగే వానలోకి దూకాడు. ఆమెకు ఒళ్లు మండిపోతూనే ఉంది. అయినా పరుగున వచ్చి సగం గొడుగు అతని మీదకు జరిపింది.

నానమ్మ కుర్చీలో వెనక్కి వాలి, మందుల అట్టపెట్టె మీద కాళ్లు చాపుకుని ఉంది.

"ఏం లేదురా, కాస్త తల తిరిగిందంతే."

"బీపీ బాగా పడిపోయింది. ఇప్పుడిప్పుడే లేస్తోంది," అంది అమ్మాయి. "డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఇవాళ ఇంక మాత్ర వద్దన్నారు, వాన తగ్గగానే తీసుకురమ్మన్నారు." తర్వాత పెద్దావిడ వైపు తిరిగింది. "మామ్మగారూ, ఈ మందు ఇంకెక్కడైనా తీసుకుంటున్నారా అని అడిగితే లేదన్నారు కదా?"

"ఉందంటే నువ్వు ఇవ్వవుగా."

"మనవడు ఇస్తుంటే నా దగ్గర కొనడం దేనికి?"

"ఊరికే వచ్చి కూర్చుంటే ఏం బాగుంటుందమ్మా? వీడేమో పొద్దస్తమానం ఇటే చూస్తాడు, నోరు మాత్రం విప్పడు. పిల్ల ఎలాంటిదో నేనైనా చూద్దామని వచ్చా. కొన్నవి పారేయడం ఎందుకని వేసుకున్నా. రంగు వేరు, పేరు వేరు. రెండూ వేసుకుంటే ఇంకాస్త గుణం ఉంటుందనుకున్నా."

కుర్రాడు తలెత్తలేదు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి గానీ గొంతు మెత్తబడలేదు.

"డాక్టరు చీటీ మీద మందు ఇచ్చేసినట్టు మీ ముద్ర ఉంటే నేను ఇచ్చేదాన్నే కాదు. ఎందుకు వెయ్యలేదు?"

"ఇంట్లో మనిషే కదా అని..."

"మందుకి చుట్టరికం తెలీదండీ."

ఆ మాట సూటిగా తగిలింది. నానమ్మకి ఏమైనా అయ్యుంటే? ఆ ఆలోచనతో అతను నానమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఈ అమ్మాయి ఇక తనని మనిషిగా లెక్కచేయదని కూడా అనిపించింది. రెండు భయాలూ ఒక్కసారే మీద పడ్డాయి.

"తప్పు నాదే," అన్నాడు. "ఇక నుంచి నానమ్మ మందులు మీ దగ్గరే తీసుకుంటాను."

"సొంత షాపు పెట్టుకుని పోటీ షాపులోనా?"

"ఆవిడ దగ్గర నేను రూల్స్ మర్చిపోతాను. మీరు మర్చిపోరు. నాకు మా నానమ్మ కావాలి."

ఆమె కోపం సగం దిగిపోయింది.

"మరి ఆవిడ చెప్పిన ఇంకో సంగతి?" అంది చీటీ మడతపెడుతూ. "పొద్దస్తమానం ఇటే చూడటం?"

"అదీ నిజమే. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇందాక మీరు రోడ్డు దాటుతుంటే నాతో మాట్లాడటానికే అనుకున్నాను."

"తిట్టడానికి వచ్చాను."

"తెలిసింది. అయినా వచ్చారుగా."

నవ్వు కనబడకుండా ఆమె బీపీ మిషన్ సర్దబోయింది.

"అమ్మాయ్, ఇంకోసారి బీపీ చూడు," అంది నానమ్మ.

"ఇప్పుడే చూశాగా మామ్మగారూ."

"నాది కాదు, వీడిది."

తప్పించుకోవడానికి ఇద్దరికీ దారి దొరకలేదు. ఆమె అతని చేతికి పట్టీ చుట్టింది. అంకె చూసి కనుబొమలెత్తింది.

"ఎక్కువుంది."

"మందేమైనా ఇస్తారా?"

"చీటీ లేకుండా ఇవ్వను. అయినా ఒక్కసారి చూసి ఏదీ తేల్చకూడదు. రేపు సాయంత్రం రండి. ఎల్లుండి కూడా."

"ఎన్నాళ్లు?"

ఆమె పట్టీ విప్పింది గానీ చెయ్యి వదల్లేదు.

"నా పక్కన కూర్చున్నా పెరగకుండా ఉండేదాకా."

"అయితే జన్మంతా తిరగాల్సిందే," అంది నానమ్మ తృప్తిగా.