ఆపరేషన్ మార్పు

ఆబిడ్స్ లాడ్జి గదిలో తాతారావు కుర్చీలోనే ప్రాణం వదిలాడు. టీలో విషం. విదేశీ ముఠా నడిపే కోల్డ్ స్టోరేజీలో అతను ఉద్యోగి, రహస్యంగా మన ఇంటెలిజెన్స్‌కి ఇన్ఫార్మర్. అతన్ని చివరిసారి కలిసింది లహరి.

"లహరి మన ఏజెంటే కదా సార్?" అన్నాడు ఇంటెలిజెన్స్ ఏజెంట్ గౌతమ్.

"ఔ. వాళ్ళ ఏజెంటు గూడా," అన్నాడు చీఫ్ వామన్‌రావు. "డబల్ ఏజెంటంటే గట్లనే ఉంటది. అసలు ఎవల మనిషో ఆమెకే తెల్వాలె."

బ్రీఫింగ్ కారులోనే జరిగింది. వామన్‌రావు ఫోన్‌లో రెండు చేపల్ని చూపించాడు. ఒకటి మన చెరువుల్లో పుట్టి పెరిగే మార్పు చేప. రెండోది నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. రెంటికీ మీసాలే.

"ఈ రెంటికి పుట్టిన హైబ్రిడ్ అచ్చం మార్పు లెక్కనే కనిపిస్తది. చెరువులల్ల పడితే మన జాతి ఖతం. గప్పుడు అసలు మార్పు సీడ్, గదే చేపపిల్లలు, వాళ్ళ దగ్గరనే దొరుకుతది. వాళ్ళు చెప్పిందే రేటు."

"ఎలా కలుపుతారు?"

"సర్కారు హేచరీల, గదే పిల్లల్ని పొదిగించే కాడ, ఆడ మార్పులు గుడ్ల మీదున్నయి. మగయి అన్నీ చచ్చినయి. మార్పు వీర్యమని లేబుల్ ఏసి ఆఫ్రికన్‌ది పంపుతున్రు. గది నింపిన ఫ్లాస్కు లహరి చేతిల ఉంది. నాంపల్లిల రైలెక్కుతది. ఎక్కనియ్యకు."

మధ్యాహ్నం గౌతమ్ టీ క్యాన్‌తో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. మాసిన చొక్కా, చెవిలో కనిపించని ఇయర్‌పీస్. లేత పచ్చ పట్టుచీరలో, నల్ల కళ్ళద్దాలతో లహరి వచ్చింది. ఆమె నడిచిన దారంతా తలలు తిరిగాయి.

"చక్కెర లేని టీ ఉందా?"

"ఈ ఊళ్ళో దొరకదమ్మా." కోడ్ సరిపోయింది. "ఫ్లాస్కు ఇవ్వు లహరీ."

"ఇందులో ఉన్నది మన మార్పుదే," అందామె గొంతు తగ్గించి. "ఆఫ్రికన్‌ది పారబోశాను. వాళ్ళు గడ్డకట్టించి దాచుకున్న అసలు మార్పు వీర్యం స్ట్రాలు తాతారావు తీసిచ్చాడు. దేశంలో ఇంక ఇంతే మిగిలింది. వెళ్ళనీ."

"నిన్ను కలిశాకే చచ్చిపోయాడు."

"నాకు సాయం చేసినందుకే చచ్చిపోయాడు."

రైలు కదిలింది. లహరి మెట్టు మీద కాలు పెట్టింది. నమ్మాలని ఉంది గౌతమ్‌కి. కానీ కుర్చీలో వాలిన తాతారావు తల కళ్ళముందు కదిలింది.

"ఏం జూస్తున్నవ్? మూత తీయ్," అంది ఇయర్‌పీస్‌లో వామన్‌రావు గొంతు.

ఫ్లాస్కు లాక్కుని బోర్లించాడు. ద్రవ నైట్రోజన్ తెల్లటి పొగై ప్లాట్‌ఫారం మీద పాకింది. సన్నటి స్ట్రాలు ఎండలో చెల్లాచెదరై కరగసాగాయి. లహరి కిందికి దూకి, మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరబోయింది. చలికి వేళ్ళు కాలిపోయినా ఆగలేదు. పోలీసులు రెక్కలు పట్టి లేపుతుంటే ఒక్క మాటే అంది. "టెస్ట్ చేయించు."

చేయించాడు. కల్తీ లేని మార్పు.

రిపోర్టు చదివి వామన్‌రావు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆపరేషన్ సక్సెస్ అని ఢిల్లీకి చెప్పేసిన."

"లహరిని వదిలేద్దాం సార్."

"ఆమె మన మనిషే అంటే తప్పు మనదైతది. గిప్పుడు గది కుదరదు."

గౌతమ్ రాజీనామా రాశాడు. వామన్‌రావు అది తీసుకోలేదు. గౌతమ్ దాన్ని రెండోసారి ఇవ్వనూ లేదు. ఆ సిగ్గు అతనికి మిగిలింది.

హేచరీలో గుడ్లు వృథా అయ్యాయి. అసలైన మార్పు సీడ్ కోసం సర్కారు టెండరు పిలిచింది. ఒకే కంపెనీ ముందుకొచ్చింది, ఆ కోల్డ్ స్టోరేజీ నడిపే విదేశీ ముఠాదే. దాని ప్రతినిధుల్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చే డ్యూటీ గౌతమ్‌కే పడింది.

"జర మర్యాదగ మాట్లాడు," అన్నాడు వామన్‌రావు. "వాళ్ళిప్పుడు మన సప్లయర్లు."