పదకొండో గొయ్యిలో గొంతు

ఒట్టు! నోట్లో మిగిలిన నా మూడు పళ్ళ మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఆ మూడూ ఇప్పుడే రాలిపోవాలి.

ఒక వీడియో గేమ్‌లో ఒక గ్రహం ఉంది. అక్కడ తెల్లారదు. వాన చుక్క పడితే ఎముక దాకా కాలుతుంది. ఏనుగంతేసి పురుగులు తుపాకీలను కూడా కరకరా నమిలేస్తాయి. ఆ పురుగులే వణికిపోతాయట... పదకొండో గొయ్యి పేరు చెబితే!

ఆ గేమ్ తయారుచేసే ఆఫీసులో మా మనవరాలు కొత్తగా చేరింది. విడుదలకు ముందే ఆడి చూసి, ఎక్కడ ఏ తప్పుందో రాయడం దాని పని. ఓ శనివారం పొద్దున్న పక్క కుర్చీ అమ్మాయి ఆ గొయ్యి దాకా పోయి, హెడ్‌ఫోన్లు విసిరికొట్టి పరుగు. ఇంకొకడు బాత్రూంలో దూరాడు—ఇప్పటికీ బయటికి రాలేదు.

"నువ్వు చూడు," అన్నాడు పెద్దసారు మనవరాలితో. "సోమవారానికి గొయ్యి పాసవ్వాలి. లేదా నువ్వు ఇంటికి."

ఏడాది చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఉద్యోగం. పిల్ల గొయ్యి అంచు దాకా పాకింది.

చీకటి... వాన చప్పుడు... అడుగు నుంచి—

"ఎవరైనా ఉన్నారా... తలుపు తియ్యండి..."

గ్రహం మీద తలుపేమిటి! ఒళ్ళు జల్లుమంది. అంతలో గొంతు గుర్తుపట్టి నవ్వేసింది. చావుల మావయ్య! గేమ్‌లో సైనికుల చావుకేకలన్నీ ఆయనవే. కాలి, నలిగి, మునిగి... నూట పదహారు రకాలుగా చావగలడు. కేక అయ్యాక నేలమీద పడి, ఆపమనే దాకా లేవడు. చచ్చాక వచ్చే నిశ్శబ్దం కూడా రికార్డు కావాలంటాడు.

"ఏం చచ్చావు మావయ్యా!" అని మెచ్చుకుని, కాగితం మీద 'చాలా బాగుంది' అని టిక్కు పెట్టింది.

ఆదివారం గొంతు బొంగురుపోయింది.

"నీళ్ళు... ఎవరైనా... నీళ్ళు..."

'ఇంకా బాగుంది.' టిక్కు. పెద్దసారు కూడా విన్నాడు. "అబ్బ! ప్రాణం పెట్టేశాడయ్యా!"

సోమవారం మాట లేదు. ఏదో గోకుతున్న చప్పుడు. ఆగింది... మళ్ళీ గోకుడు. 'అద్భుతం' అని టిక్కు పెడుతుండగా, కేకలు రికార్డు చేసే ఆయన సెలవు నుంచి వచ్చాడు.

"ఆ గొయ్యికి కేకలు భలే పెట్టారు సార్!" అంది మనవరాలు.

"గొయ్యికా? నేనింకా ఏమీ పెట్టలేదే! అందులో గొంతు ఎలా మోగుతుందో చూద్దామని శుక్రవారం రికార్డింగ్ గదిలో మైకు దానికి కలిపానంతే. తీసేయడం మర్చిపో—"

రికార్డింగ్ గది వైపు తల తిప్పాడు.

"మీరు వెళ్ళేటప్పటికి మావయ్య వెళ్ళిపోయాడా?" అంది మనవరాలు మెల్లగా.

"అద్దంలోంచి చూశాను... ఎవరూ కనబడలేదు. లైటు తీసి... బయట గడియ పెట్టి..."

ఆ గది గోడకున్న అద్దం నడుమెత్తున మొదలవుతుంది. మావయ్య నేలమీద చచ్చిపడి ఉన్నాడు—అదేగా ఆయన పని! ఆ గదిలో అరిస్తే గోడకు కూడా వినబడదు. ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు.

గడియ తీశారు. బతికే ఉన్నాడు. వేళ్ళకు గోళ్ళు లేవు. గొంతులో మాట లేదు. ఇక రాదు కూడా.

"రికార్డయిందా?" అన్నాడు పెద్దసారు.

అయింది. మూడు రాత్రులూ. గొయ్యి పాసయింది, మనవరాలి ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు లోకంలో ఉన్న పిల్లలందరూ పురుగుల్ని చంపడం మానేసి ఆ గొయ్యి చుట్టూ మూగి, ఆ కేకలు విని నవ్వుకుంటున్నారట.

మావయ్య ఇంట్లో తలుపులన్నీ పీకించేశాడు. మా పిల్ల ఆ వీధి తొక్కదు. మూడు టిక్కులు పెట్టాక ఏ ముఖం పెట్టుకుని వెళ్తుంది?

అందుకని, కథ విన్నది చాలు, నువ్వు లేవవే అమ్మాయ్. తలుపుల్లేని ఇల్లు, చలి కోసేస్తుంది. ఈ దుప్పటి ఆయనకిచ్చి రా. ఎవరూ కనబడలేదని గుమ్మంలోంచే తిరిగొచ్చేవు... నేలమీద కూడా చూడు.