రాలని పువ్వు

"మీరమ్మిన మొక్కకి పేరు చీటీ ఎందుకు లేదండీ?"

కుండీలకి నీళ్ళు చల్లుతున్న అమ్మాయి వెనక్కి తిరిగింది. ఎదుటి కొట్లో గడియారాలు బాగుచేసే అబ్బాయి. చేతిలో నిన్న కొన్న కాక్టస్. గుండ్రంగా, ఒళ్ళంతా తెల్లటి ముళ్ళు, నడినెత్తిన గులాబీరంగు పువ్వు.

"పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా?"

"పేరు తెలియకుండా నీళ్ళెన్ని పొయ్యాలండీ?"

"మట్టి బాగా ఎండాక పొయ్యండి. పేరు కనుక్కుని చెప్తాను. వచ్చే వారం రండి."

వారం దాకా అతను ఆగలేదు. మర్నాడు ముళ్ళు వంకరగా ఉన్నాయని వచ్చాడు. తర్వాత కుండీ అడుగున చిల్లు చిన్నదని. ఒకసారి జోరువానలో వచ్చి, తడిస్తే దానికి జలుబు చేస్తుందా అని అడిగాడు.

"మొక్క మీ కొట్లోనే ఉందిగా?"

"ఉంది. తడిసింది నేనే."

ఆమె తువ్వాలు అందించి, నవ్వు కనబడకుండా కుండీల వైపు తిరిగింది.

"పువ్వు మాత్రం ఇంకా వాడలేదండీ. మొక్కే కాస్త పసుపుపచ్చబడింది."

ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. అది ఎండుపువ్వు. పువ్వుంటేనే జనం ఆగుతారని నాన్న నమ్మకం. ముందు వరస కుండీలకి జిగురుతో అంటించేది తనే. అమ్ముడయ్యాక అవి ఏమవుతాయో ఎప్పుడూ ఆలోచించలేదు. చెబితే మోసగత్తె అనుకుని ఇక రాడు. చెప్పకపోతే మొక్క బతకదు.

మర్నాడు తనే రోడ్డు దాటింది. "ఆ పువ్వు దానిది కాదండీ. నేనే అంటించాను. నెత్తిన జిగురుంటే అది ఎదగదు."

అతను కంటికి పెట్టుకున్న భూతద్దం తీశాడు. "జిగురని కొన్నరోజే తెలుసండీ. దీంతో చూశాను."

"తెలిసీ ఊరుకున్నారా?"

"తీస్తే మీరు నొచ్చుకుంటారేమోనని."

"నేను నొచ్చుకోకూడదని దాని ప్రాణం తీస్తారా? ఇలా పట్టుకోండి."

గడియారాలు తుడిచే స్పిరిట్ ఒక్కో చుక్కా వేస్తూ, సన్నటి పట్టకారుతో ఆమె జిగురు లాగింది. అతను కుండీ పట్టుకున్నాడు. తలలు రెండుసార్లు ఢీకొన్నాయి. పువ్వుతోపాటు కొన్ని ముళ్ళూ ఊడొచ్చాయి.

"అచ్చం మా బాబాయి బట్టతలే," అన్నాడతను.

"పేరు దొరికేదాకా బాబాయే, పోనీండి."

వానలు పోయాయి. చలీ పోయింది. ఎండలు మొదలైన ఒక పొద్దున అతను కొట్టు తెరిచినది తెరిచినట్టే వదిలేసి, కుండీతో పరుగెత్తుకొచ్చాడు. బట్టతల చుట్టూ చిన్న చిన్న మొగ్గలు, కిరీటం పెట్టినట్టు.

గల్లాపెట్టె దగ్గర ఆమె నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు. "మామిల్లారియా. ఇలా చుట్టూతా పూస్తుంది. దీని పేరు కోసమా బాబూ ఇన్నాళ్ళూ తిరుగుతున్నావు? విత్తనం నుంచి పెంచింది మా అమ్మాయే. దానికి తెలియకపోవడమేమిటి?"

అమ్మాయి తడిసిన కుండీకే మళ్ళీ నీళ్ళు పోస్తోంది.

"అయితే ఇక నేను రావడానికి పనేం లేదన్నమాట," అన్నాడతను, ఆమెనే చూస్తూ.

"పని లేకుండా రావడం చేతకాదా మీకు?"

పెద్దాయన ఇద్దర్నీ చూశారు. లేచి, గోడమీది లోలకం గడియారం దింపి అతని ముందు పెట్టారు. "అమ్మాయి వాళ్ళమ్మ ముచ్చటపడి తెచ్చింది. ఆవిడ పోయాక ఆగిపోయింది. చూడు బాబూ."

అతను గడియారం అద్దం తలుపు తెరిచి, కీ తిప్పి, లోలకాన్ని వేలితో కదిపాడు. అది టక్ టక్ మని ఊగసాగింది. గడియారానికి ఏ జబ్బూ లేదు. ఇన్నేళ్ళూ ఎవరూ కీ ఇవ్వలేదు, అంతే.

అతను వేలు అడ్డం పెట్టి మెల్లగా దాన్ని ఆపాడు.

"పెద్ద రిపేరే ఉందండీ. రోజూ వచ్చి చూడాలి."

"మెల్లగానే చెయ్యి," అన్నారాయన. "తొందరేం లేదు."