తెలుగు రాదన్నాను

విమానం తోకవైపు, టాయిలెట్ల పక్కన చిన్న వంటగది ఒకటి ఉంటుంది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి పట్టదు. ఆరేళ్ల నా ఉద్యోగంలో సగం అక్కడే గడిచింది. భోజనాలు వేడి చేయడం, టీ నీళ్లు కాచడం, కాళ్లు లాగితే ట్రాలీకి ఆనుకుని ఒక నిమిషం నిలబడడం. గల్ఫ్‌లోని ఒక విమాన సంస్థలో నేను ఎయిర్‌హోస్టెస్‌ని. నా పేరు మమత. మాది గోదావరిఖని. మా బాపు రాజం బొగ్గుబాయిలో పనిచేస్తాడు.

ఇవాళ మనీలా, ఎల్లుండి నైరోబీ, ఆ తర్వాత మాంచెస్టర్. విన్నవాళ్లు నీదే అదృష్టం అంటారు. నిజానికి నేను ఊళ్లకంటే హోటల్ గదులే ఎక్కువ చూశాను. ఏ దేశంలో ఉన్నానో గుర్తు రాక, లేచి బల్ల మీది హోటల్ కాగితం చదువుకున్న రోజులున్నాయి.

నాకొక అలవాటు ఉండేది. హైదరాబాద్ విమానంలో ఎవరైనా తెలుగులో పలకరిస్తే, తెలుగు రాదనేదాన్ని.

చేరిన కొత్తలో అట్లా లేను. మాది ఖని అని సంబరంగా చెప్పేదాన్ని. ఇక దిగేదాకా వదిలేవాళ్లు కాదు. ఎవలి బిడ్డవు, జీతమెంత, ఈ ఫారం నింపిపెట్టు చెల్లె, ఇంకో పెగ్గు పొయ్యరాదు. మా సూపర్‌వైజర్ ఒకసారి అందరి ముందూ అడిగింది, నువ్వు మీ ఊరివాళ్లకోసమే ఎక్కావా అని. అదొక కారణం. రెండో కారణం చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ట్రైనింగ్‌లో నా ‘గిట్ల, గట్ల’ విని తోటి పిల్లలు నవ్వేవాళ్లు. ఆ యాస నా నోట్లోంచి పోవడానికి ఏడాది పట్టింది. పోయినదాన్ని మళ్లీ ఎవరి ముందూ బయటికి తీయదల్చుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక పగటి విమానం. సాయంత్రం నాలుగున్నరకు హైదరాబాద్‌లో దిగాలి. చివరి నుంచి మూడో వరుసలో, నడవ పక్క సీట్లో ఒకాయన కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. మడతలు పోని కొత్త చొక్కా. ఎక్కేముందే జండూబామ్ రాసుకున్నట్టున్నాడు, ఆ ఘాటు వరుసంతా కమ్ముకుంది. నీళ్లు ఇస్తుంటే నా పేరు బ్యాడ్జీ వైపు కాసేపు చూసి, మెల్లగా అడిగాడు.

“బిడ్డా, తెలుగు వస్తదా?”

“సారీ సర్. నో తెలుగు.”

పొరపాటు తనదే అన్నట్టు నవ్వి ఊరుకున్నాడు.

అరగంట తర్వాత ఆయన గంట నొక్కాడు. వెళ్లాను. ఏసీ చలికి చుట్టూ అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఆయన నుదుటి మీద మాత్రం చెమట.

“ఛాతిల రాయి పెట్టినట్టున్నది బిడ్డా. దవడ దాక గుంజుతున్నది. ఊపిరి ఆడ్తలేదు.”

ప్రతి మాటా నాకు అర్థమైంది. మా బాపు మాట్లాడినట్టే ఉంది. దవడ గుంజుతోందంటే ఏమిటో, ఏం చేయాలో మాకు ట్రైనింగ్ మొదటి వారంలోనే నేర్పారు. కానీ ఇందాకే తెలుగు రాదన్నాను. రెండడుగుల దూరంలో సూపర్‌వైజర్ ట్రాలీ సర్దుతోంది. తెలుగు రాని మనిషికి ఎంత అర్థమవుతుందో, అంతే అర్థమైనట్టు ముఖం పెట్టాను.

“గ్యాస్?” అని అడిగాను.

ఏమనాలో తెలియక ఆయన తలూపాడు. ఒక మాత్ర, గ్లాసు నీళ్లు ఇచ్చి వచ్చేశాను. భోజనాలు పంచుతుండగా ఆయన గంట ఇంకో రెండుసార్లు మోగింది. ఇది అయ్యాక వెళ్దామనుకున్నాను.

వెళ్లేసరికి ఆయన తల నడవ వైపు వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను రావలసిన దిక్కుకే చూస్తున్నాయి.

నడవలో పడుకోబెట్టాం. ప్రయాణికుల్లో ఒక డాక్టరు ఉంటే ఆయనా వచ్చాడు. వంతులవారీగా ఛాతీ నొక్కాం. నా వంతు వచ్చినప్పుడు, “కాకా, లే కాకా, జర లే” అంటూ నొక్కాను. నా తెలుగు అప్పుడు వచ్చింది. ఆయన అప్పటికే పోయాడు.

ఆయన జేబులోని ఫోను నేనే ఆపేసి, సామాను సంచిలో పెట్టి సీలు వేశాను. పాస్‌పోర్టు చూశాను. పేరు నర్సింగం. కమాన్‌పూర్ మండలంలో ఒక ఊరు. మా క్వార్టర్ నుంచి స్కూటీ మీద అరగంట. దిగాక ఎయిర్‌పోర్టు ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాశాను. ప్రయాణికుడి భాష తెలియకపోవడం వల్ల బాధ ఏమిటో గ్రహించలేకపోయామని రాసి, కింద సంతకం పెట్టాను.

మార్చిలో మాంచెస్టర్ వెళ్లాను. పొద్దున దిగాం, మళ్లీ రాత్రికి ప్రయాణం. కాబట్టి పగలే నిద్రపోవాలి. మాకిచ్చే గదులకు మందమైన తెరలుంటాయి. పూర్తిగా లాగితే ఇక పగలన్నది ఉండదు. చెయ్యి కళ్ల ముందు పెట్టుకున్నా కనబడదు. బయట సన్నగా వాన. నడవాలో ఎవరిదో పెట్టె చక్రాల చప్పుడు దూరమైంది. తడి కార్పెట్ వాసన, దుప్పట్ల సబ్బు వాసన. నిద్రపట్టింది.

ఎందుకు మెలకువ వచ్చిందో తెలీదు. ముందు వాసన తెలిసింది.

జండూబామ్.

నేను వాడను. నా పెట్టెలో లేదు. కదలకుండా పడుకున్నాను. మంచం పక్కన ఫోను మోగింది. తడుముకుని ఎత్తాను.

అవతల ఊపిరి. ఆగి... ఆగి... వస్తున్న ఊపిరి.

“బిడ్డా...”

ఫోను చెవికి ఇంకా అదుముకున్నాను.

“తెలుగు వస్తదా?”

ఆ నెల రోజులూ నేను కోరుకున్నది అదే. ఇంకొక్కసారి అడిగితే బాగుండు, వస్తది కాకా అని చెప్పేదాన్ని అనుకుంటూనే తిరిగాను. ఇప్పుడు అడిగాడు. నోరు తెరిచాను.

“సారీ... నో తెలుగు.”

ఫోను ఆగిపోయింది. పెట్టేశాను. ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు... అది ఫోనులోంచి రావడం లేదు. మంచం అవతలి వైపు నుంచి వస్తోంది. పరుపు ఆ పక్క మెల్లగా కుంగింది. ఎవరో అలిసిపోయి కూర్చున్నట్టు.

“మరి... ఎవలికి చెప్పాలె...”

నన్ను అడిగినట్టు లేదు. తనలో తాను అనుకున్నట్టుంది.

ఎట్లా దూకానో తెలీదు. తెర పక్కకు లాగాను. బూడిదరంగు వెలుతురు గదిలోకి వచ్చింది. మంచం ఖాళీ. కింద రిసెప్షన్‌లో అడిగితే, మీ గదికి ఫోనే రాలేదన్నారు. 

ఆ తర్వాత ఏ హోటల్‌కు వెళ్లినా ముందు ఫోను తీగ పీకేసేదాన్ని. దీపాలన్నీ వేసుకుని పడుకునేదాన్ని. వాసన మాత్రం వచ్చేది. మనీలాలో వచ్చింది, నైరోబీలో వచ్చింది. మూడో నెలకు నిద్ర పూర్తిగా పోయి, సెలవు పెట్టాను.

మే నెల. రామగుండం స్టేషన్‌లో దిగితే చెప్పుల కింద ప్లాట్‌ఫారం కాలుతోంది. అమ్మ మంచిర్యాలలో అక్క దగ్గరికి పోయింది. ఇంట్లో బాపు ఒక్కడే. మరునాడు మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి కూలర్ ముందు అన్నానికి కూర్చున్నాడు.

“వచ్చినకాంచి చూస్తున్న,” అన్నాడు. “పండుకున్నా లైటు బంద్ చెయ్యనిస్తలేవు. ఏమైంది?”

చెప్పేశాను. మాంచెస్టర్ సంగతి కూడా. అన్నంలో పెట్టిన ఆయన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

“బాయిల ఒక రివాజున్నది బిడ్డా,” అన్నాడు. “చీకట్ల ఎవడన్న పిలిస్తే ముందుగాల ‘ఓ’ అనాలె. వాడెవడు, ఏ ఊరోడు, మనకు పడ్తదా పడదా, గదంత ఎన్క. మనం పలికితేనే వాని పానం నిలబడ్తది.”

“తప్పు చేసిన బాపు.”

“చేసినవ్.” ఏమాత్రం తగ్గించి చెప్పలేదు. “పొయ్యి ఆ ఇంటామెకు చెప్పు. తిడ్తె పడు. కొడ్తె పడు.”

తెల్లారి బాపు డ్యూటీకి పోయాక కూడా, ధైర్యం చాలక మధ్యాహ్నం దాకా ఇంట్లోనే తిరిగి, అప్పుడు స్కూటీ తీసుకుని బయలుదేరాను. కమాన్‌పూర్ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు దుమ్ము లేపుతూ పోతున్నాయి. ఆ ఊరు వెనకాల ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్టలు, ఆకాశానికి అడ్డం కట్టినట్టు. మధ్యాహ్నం రెండు కావస్తోంది. వీధిలో కుక్క కూడా లేదు. సగం ఇళ్లకు తాళాలు. చివరి పెంకుటింటి అరుగు మీద ఒకామె అటు తిరిగి కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

“నర్సింగం కాక ఇల్లు ఇదేనా?” గడప బయటే ఆగి అడిగాను.

ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు.

“వచ్చినవా బిడ్డా. ఎండల వచ్చినవు. నీడకు రా.”

ఇంకెవరో అనుకుందేమో. “నేను మీకు తెల్వది చిన్నమ్మా. నా పేరు...”

“మమతవు. ఎరికనే. కూసో.”

కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. నర్సింగం భార్య, పేరు సారక్క. శవాన్ని అప్పజెప్పిన కాగితాల్లో నా పేరు ఉండి ఉంటుంది, ఎవరో చదివి చెప్పుంటారు అనుకున్నాను. ఇంకా ఆగితే చెప్పలేనని, నీళ్లు తాగకుండానే మొదలుపెట్టాను.

“చిన్నమ్మా, కాక నన్ను పిలిచిండు. ఛాతిల రాయి పెట్టినట్టున్నది అన్నడు. నాకు సమజైంది. అయినా తెలుగు రాదన్న. నేను పలికితే బతికేటోడేమొ.”

అప్పుడే గుట్టల అవతల బ్లాస్టింగ్ జరిగింది. అరుగు అదిరింది. పెంకుల సందుల్లోంచి సన్నటి దుమ్ము మా ఇద్దరి మధ్యా రాలింది. ఆమె ముఖంలో కోపం కోసం చూశాను. లేదు. నేనేదో తప్పుగా చెబుతున్నట్టు చూస్తోంది.

“గట్లెందుకంటవు? మంచిగనే మాట్లాడినవు కదా.”

“ఎవలితోని?”

“నాతోని. ఫోన్ల.”

గ్లాసు అరుగు మీద పెట్టేశాను. ఆమె గింజలు తీస్తూనే చెప్పింది.

“ఆ దినం ఐదు కొట్టంగ ఫోన్ వచ్చింది. ముందుగాల ఆయన మాట్లాడిండు. ‘దిగిన సారక్కా’ అన్నడు. గొంతు మస్తు తక్కువున్నది. ‘మన రాజం బిడ్డ ఉన్నది ఈడ, ఆమెకిస్తున్న’ అన్నడు. గటెన్క నువ్వే మాట్లాడినవు. అందరు విమానంలనే పానం పోయిందంటరు. నేను ఎవలితోని కొట్లాడలే. దిగినంక పోయిందేమొ అనుకున్న.”

ఐదింటికి నేను ఆఫీసులో రిపోర్టు రాస్తున్నాను. బాపు పేరు ఆ విమానంలో ఎవరికీ చెప్పలేదు.

“చిన్నమ్మా... అది నేను కాదు.”

“నీ గొంతు నాకెరుక లేదా? ఇప్పుడు వాకిట్ల పిలిస్తే గొంతువట్టే గుర్తువట్టిన.” చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లి, పాత మీటల ఫోను ఒకటి తెచ్చింది. “ఆయన నంబరు కాదు గది. నాకు సదువు రాదు. పక్కింటి పూలమ్మతోని దాపిచ్చిన. ఎవలిదో చూడు. ఫోన్ ఇచ్చినందుకు వాళ్లకు కూడ ఒక మాట చెప్పాలె.”

చిన్న తెర మీద అంకెలు. గల్ఫ్ నంబరు. ఒక్కొక్కటే చదివాను. చివరి నాలుగు చదవనక్కరలేకపోయింది.

నా నంబరు.

ఆ సాయంత్రం ఆరు దాటేదాకా నా ఫోను ఆపేసి నా సంచిలో ఉంది. అందులోంచి ఈ నంబరుకు కాల్ వెళ్లినట్టు ఎక్కడా లేదు. అక్కడే తీసి చూశాను... రెండుసార్లు చూశాను...

“నేను... ఏం మాట్లాడిన?” అని అడిగాను.

“మస్తు ఏడ్చినవు. తప్పైంది అన్నవు. నేనే నిన్ను ఊకుండబెట్టిన.” ఆమె నా చెయ్యి పట్టుకుంది. మెత్తగా, కన్నబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు. “కాకకు తొవ్వ తెల్వది, పోయే కాడి భాష తెల్వది, ఒక్కడే పోవాల్నంటే భయపడ్తున్నడు అన్నవు. నేను తోడు పోత చిన్నమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు అన్నవు. ఆ మాట మీదనే నేను ధైర్యంగ ఉన్న.”

చెయ్యి లాక్కోవాలనుకున్నాను. రాలేదు.

“మూడు నెలలాయె,” అంది సారక్క. “నీ కోసమే ఆగిండు. మరి ఎన్నడు పోతున్నరు?”

అడిగింది నన్నే. ఆమె చూపు మాత్రం నా భుజం పక్కన, నాకు కొంచెం వెనగ్గా, ఒక మనిషి ఎత్తులో ఆగి ఉంది.